మారెంగో చివరికి ఏమైంది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

పోయిన సంచికలో 1804 సెప్టెంబరులో విశాఖపట్నం ముందు జరిగిన సముద్రపోరు గురించి రాశాం. ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ 74 ఫిరంగుల మారెంగోతో, మరో రెండు ఫ్రిగేట్లతో (వేగంగా నడిచే చిన్న యుద్ధనౌకలు) వచ్చి, అక్కడ లంగరు వేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ మీద పడ్డాడు. పక్కనే ఉన్న రెండు ఈస్టిండియా కంపెనీ సరుకు ఓడల్లో ప్రిన్సెస్ షార్లెట్ ఆయన చేతికి చిక్కింది. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది. సెంచూరియన్ మాత్రం దక్కలేదు. అది చదివాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి: పట్టుబడ్డ యుద్ధనౌకను ఏం చేసేవారు? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

మారెంగో అంత పెద్ద ఓడ కదా, 50 ఫిరంగుల సెంచూరియన్‌ను ఎందుకు లొంగదీయలేకపోయింది? తరవాత మారెంగో సంగతేమిటి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

మొదటి ప్రశ్నకు జవాబు మీ ఊరి సముద్రంలోనే ఉంది. ఇప్పుడున్న లోపలి హార్బరు 1933లో తెరిచారు. అంతకుముందు పెద్ద ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకు కుట్టుపడవల మీద అలలు దాటి ఒడ్డుకు చేరేది. మారెంగో నీటిలోకి సుమారు 7 మీటర్లు దిగే ఓడ. సెంచూరియన్ ఒడ్డు వైపు తక్కువ లోతుకు జరిగిపోయాక, మారెంగో దూరం నుంచే కాల్చాల్సి వచ్చింది. అలల మీద ఊగే ఓడ నుంచి దూరాన ఉన్న గురికి కాలిస్తే గుండ్లలో చాలా భాగం నీళ్లపాలే. పైగా లినోయ్ స్థావరం ఎక్కడో ఇల్ ద ఫ్రాన్స్‌లో, అంటే నేటి మారిషస్‌లో ఉంది. ఇక్కడ ఒక పెద్ద తెరచాప కొయ్య విరిగితే మార్చుకునే చోటు లేదు. వెనక్కి తగ్గినందుకు ఆయనను చాలామంది తప్పుపట్టారు. మా లెక్కలో ఆ నిర్ణయం పిరికితనం కాదు, దూరాన్ని ఎరిగినవాడి లెక్క.

ఆయన అసలు పొరపాట్లు వేరే చోట్ల జరిగాయి. అదే ఏడాది ఫిబ్రవరి 15న దక్షిణ చైనా సముద్రంలోని పులో ఔరా దీవి దగ్గర కంపెనీ సరుకు ఓడలను యుద్ధనౌకలనుకుని వదిలేశాడు. 1806 మార్చి 13న, ఫ్రాన్సుకు తిరిగి వెళుతూ, అట్లాంటిక్‌లో చీకట్లో కనిపించిన ఓడలను సరుకు ఓడలనుకుని దగ్గరికి వెళ్లాడు. అవి బ్రిటిష్ అడ్మిరల్ వారెన్ దళానివి. తెల్లవారేసరికి 98 ఫిరంగుల లండన్ అనే ఓడ మారెంగో పక్కనే ఉంది. అమెజాన్ అనే బ్రిటిష్ ఫ్రిగేట్ లినోయ్ వెంట ఉన్న బెల్ పూల్ అనే ఓడ వెంటపడింది. కొన్ని గంటల పోరు తరవాత, మిగతా బ్రిటిష్ ఓడలు కూడా దగ్గరవుతుంటే, రెండూ లొంగిపోయాయి. లినోయ్‌కి గాయమైంది. 1814 దాకా ఆయన ఇంగ్లండులో బందీగానే ఉన్నాడు.

పట్టుబడ్డ ఆ రెండు ఓడల దారి అక్కడే విడిపోయింది, మీరు అడిగింది కూడా అదే. బెల్ పూల్ 1802లో నీటిలోకి దిగిన కొత్త ఫ్రిగేట్. దాన్ని మరమ్మతు చేసి అదే పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో నడిపారు. 1809లో అడ్రియాటిక్ సముద్రంలో, అయోనియన్ దీవుల దగ్గర అది తన పాత యజమానుల మీదే పోరాడింది. మారెంగో 1795లో తూలోన్‌లో పుట్టింది, అప్పటి పేరు ఝాఁ-ఝాక్ రూసో. పదకొండేళ్ల వయసు, అందులో మూడేళ్లు సరైన డాక్‌యార్డ్ మొహం చూడకుండా వేడి సముద్రాల్లో తిరుగుడు, ఆపైన లండన్ కొట్టిన దెబ్బలు, ఇంగ్లండుకు తీసుకెళ్లే దారిలో ఏప్రిల్ తుఫానుకు విరిగిపడ్డ కొయ్యలు. ఇంత భారం మోసిన ఓడను బాగు చేయడం కంటే కొత్తది కట్టడం నయం. హెచ్.ఎం.ఎస్. మారెంగో అని జాబితాకు ఎక్కించారే గాని, యుద్ధానికి పంపలేదు. 1809 నుంచి పోర్ట్స్‌మత్‌లో జైలు ఓడగా నిలబెట్టి, 1816లో విప్పేశారు.

జైలు ఓడగా మార్చడమంటే కొయ్యలు, మోకులు, ఫిరంగులు తీసేసి, ఫిరంగి కిటికీలకు కమ్మీలు బిగించి, కాపలావాళ్లు తిరగడానికి ఓడ చుట్టూ నీటిమట్టానికి కాస్త పైన నడకబల్ల కట్టడం. ఫిరంగుల బరువు పోవడంతో ఓడ నీటిలో పైకి తేలుతుంది, గాలి వెలుతురు మాత్రం లోపలికి రావు. వందలమంది బందీలను ఆ అంతస్తుల్లో ఊయల పడకల్లో కుక్కేవారు.

శత్రువు జెండా దించగానే ఓడ మనదైపోతుందా? ఆ తరవాత గంటల్లో ఏం చేస్తారు? – ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జెండా దించడం మాట ఇవ్వడం మాత్రమే. ఓడ చేతికి వచ్చేది పడవలో మనుషులు వెళ్లి ఎక్కాకే. ఎక్కిన అధికారి వరసగా చేయాల్సినవి ఇవి. మందుగుండు గది తాళంచెవి తీసుకుని కాపలా పెట్టాలి, ఎందుకంటే ఓడిపోయినవాళ్లలో ఒక్కడు తెగించినా అందరూ గాల్లో కలుస్తారు. వంటపొయ్యిలు, దీపాలు ఆర్పించాలి. తుపాకులు, కత్తులు ఒకచోట చేర్చాలి. ఓడ కాగితాలు, సంకేతాల పుస్తకం సముద్రంలో పారేసేలోపు పట్టుకోవాలి. సంకేతాల పుస్తకాలకు సీసం బరువు కట్టి సిద్ధంగా ఉంచేవారు, చాలాసార్లు అవి అప్పటికే అడుగున ఉండేవి. బందీలలో కొంతమందిని, ముఖ్యంగా అధికారులను, గెలిచిన ఓడకు మార్చాలి. మిగిలినవాళ్లను కింది అంతస్తుకు దించి దిగుమెట్ల దగ్గర తుపాకులతో మనుషులను నిలపాలి.

ఈలోపు వడ్రంగి పని వేరుగా సాగాలి. ఓడ అడుగున నీరు చేరే పంపు బావిలోకి ఇనుప కడ్డీ దించి ఎన్ని అడుగుల నీరుందో చూడాలి, అరగంటకోసారి మళ్లీ చూడాలి. నీరు పెరుగుతోందా తగ్గుతోందా అన్న ఒక్క అంకెను బట్టే ఓడను ఉంచుకోవాలో తగలబెట్టాలో తేల్చేవారు. నీటిమట్టం దగ్గరి గుండు దెబ్బలకు మొనదేలిన చెక్క బిరడాలకు కొవ్వు, తారునార చుట్టి సుత్తితో దిగగొట్టేవారు. పెద్ద చీలికైతే పైన సీసపు రేకు కొట్టేవారు. చేయి అందనంత లోతున ఉంటే పాత తెరచాపకు తారునార దట్టంగా కుట్టి, మోకులతో ఓడ అడుగు నుంచి లాగి కన్నం మీదికి తెచ్చేవారు. లోపలికి దూసుకొచ్చే నీరే ఆ గుడ్డను కన్నానికి అదిమిపెడుతుంది. కొయ్యలు పోయిన ఓడకు మిగిలిన దూలాలతో తాత్కాలిక కొయ్య నిలబెట్టి చిన్న చాప కట్టేవారు, లేకపోతే లావు మోకుతో లాక్కెళ్లాలి.

తప్పు జరిగేది ఎక్కడంటే, మనుషుల లెక్క దగ్గర. 74 ఫిరంగుల ఓడలో ఆరేడు వందలమంది ఉంటారు. గెలిచిన ఓడ కూడా దెబ్బతిని ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి పంపగలిగేది కొన్ని పదులమందినే. ట్రఫాల్గర్ పోరు (1805 అక్టోబరు 21) తరవాత తుఫాను వచ్చినప్పుడు, బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్న ఫ్రెంచి ఓడ అల్జెసిరాస్‌లో ఇదే జరిగింది. పంపులు కొట్టడానికి, కొయ్య నిలబెట్టడానికి మనుషులు చాలక బ్రిటిష్‌వాళ్లు కింద బంధించిన ఫ్రెంచివాళ్లను పైకి రానిచ్చారు. వాళ్లు ఓడను కాపాడారు, తిరిగి స్వాధీనం చేసుకుని కాడిజ్ రేవుకు తీసుకుపోయారు కూడా. ఆ పోరులో పట్టుబడ్డ ఓడల్లో చివరికి బ్రిటిష్‌వాళ్లకు దక్కినవి నాలుగే: స్విఫ్ట్‌షుర్, బహామా, సాన్ ఇల్డెఫోన్సో, సాన్ హువాన్ నెపొముసెనో. మిగిలినవి మునిగిపోయాయి, తీరానికి కొట్టుకుని పగిలాయి, తగలబెట్టాల్సి వచ్చింది, లేదా శత్రువు తిరిగి లాక్కున్నాడు. చేజారిన ఓడలకు బదులుగా నావికులకు పంచడానికి పార్లమెంటు 3,00,000 పౌండ్లు ఇచ్చింది.

ఫ్రెంచి ఓడతో పాటు ఫిరంగులు, గుండ్లు కూడా దొరుకుతాయి కదా! వాటిని తీసేసి కొత్తవి పెట్టారని చదివాను. డబ్బు దండగ కాదా? – ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

మీరు కొలతలు తెలిసిన విద్యార్థి కాబట్టి అంకెల్లోనే చూద్దాం. ఫ్రెంచి పౌను సుమారు 489.5 గ్రాములు, ఇంగ్లిషు పౌను 453.6 గ్రాములు. ఫ్రెంచి ఓడ కింది అంతస్తులో ఉండేది 36 పౌన్ల ఫిరంగి, అంటే గుండు 17.6 కిలోలు. అదే చోట బ్రిటిష్ ఓడలో ఉండేది 32 పౌన్లది, గుండు 14.5 కిలోలు. రెంటికీ తేడా ఎలాగూ కంటికి కనిపిస్తుంది. అసలు చిక్కు పై అంతస్తులో ఉంది. అక్కడ ఇద్దరూ తమ ఫిరంగిని '18 పౌన్లు' అనే పిలుస్తారు. కానీ ఫ్రెంచి గుండు 8.8 కిలోలు, ఇంగ్లిషుది 8.2 కిలోలు.

ఫిరంగి గొట్టానికీ గుండుకూ మధ్య కొద్దిగా సందు ఉండాల్సిందే, లేకపోతే మసి పట్టిన గొట్టంలో గుండు దిగదు. ఇంగ్లిషు గుండును ఫ్రెంచి ఫిరంగిలో వేస్తే ఆ సందు మరీ ఎక్కువై, మందు పేలినప్పుడు పుట్టే వాయువు పక్కలనుంచి జారిపోతుంది. గుండు బలం తగ్గుతుంది, గొట్టంలో అటూఇటూ కొట్టుకుంటూ వెళ్లి గురి తప్పుతుంది. ఫ్రెంచి గుండును ఇంగ్లిషు ఫిరంగిలో వేస్తే సగంలో ఇరుక్కోవచ్చు. పోరు మధ్యలో ఇరుక్కున్న గుండు బయటికి తీయడమంటే ఆ ఫిరంగి ఆ పూటకు లేనట్టే. పట్టుబడ్డ ఓడలో ఉన్న గుండ్లు అయిపోయాక వాటికి సరిపోయే గుండు ఏ బ్రిటిష్ రేవులోనూ తయారుగా దొరకదు. అందుకని మొత్తం మార్చడమే చవక. తీసేసిన ఇనుము, కంచు వృథా పోవు, లెక్కగట్టి ప్రైజ్ సొమ్ములో (పట్టుబడ్డ ఓడకు గాను నావికులకు పంచే డబ్బు) కలిపేవారు.

ఫిరంగి మారితే బండి మారాలి, బండిని పక్కలకు కట్టే మోకుల కొక్కేలు జరపాలి, గుండ్లు పేర్చే గూళ్లు కొత్తగా కొట్టాలి. ఆ పై అంతస్తుకూ పైన, ఓడ ముందు వెనుక భాగాల మీద ఉండే పొడవాటి చిన్న ఫిరంగులు తీసి పొట్టిగా లావుగా ఉండే కారొనేడ్లు పెట్టేవారు.

అడుగు కొలతలోనూ ఇదే గొడవ. ఫ్రెంచి రాజడుగు 324.8 మి.మీ., ఇంగ్లిషు అడుగు 304.8 మి.మీ. మారెంగో తరహా ఓడ ఫిరంగి అంతస్తు పొడవు 172 ఫ్రెంచి అడుగులు, అది ఇంగ్లిషు కొలతలో 183 అడుగులపైన. ఆ కాలంలో బ్రిటిష్‌వాళ్లు ఎక్కువగా కట్టిన 74 ఫిరంగుల ఓడ 176 అడుగులే. ఫ్రెంచి కాగితం మీద ఉన్న అంకెను మార్చకుండా తీసుకుంటే కొయ్యలు, మోకులు అన్నీ పొట్టివైపోతాయి. అందుకే డాక్‌యార్డ్‌లో మొదటి పని ఓడను పొడిరేవులోకి ఎక్కించి, అడుగు నుంచి పైదాకా మళ్లీ కొలిచి సొంత పటం గీసుకోవడం. ఆ పటాల్లో చాలావాటిని గ్రీనిచ్‌లోని నౌకా మ్యూజియం ఈనాటికీ దాచి ఉంచింది.

ఫ్రెంచి ఓడలు వేగంగా వెళ్లేవి, కానీ గట్టివి కావు అంటారు. ఎంతవరకు నిజం? – ఒక పాఠకుడు, కాకినాడ

'గట్టివి కావు' అనడం కంటే, వాటిని కట్టిన అవసరం వేరు అనడం న్యాయం. ఫ్రెంచివాళ్లు పొడవుగా, పక్కటెముకలు తేలిగ్గా కట్టారు. రేవు నుంచి వెళ్లి పని ముగించుకుని వచ్చేయడం వాళ్ల పద్ధతి. బ్రిటిష్‌వాళ్లు శత్రు రేవుల ముందు నెలల తరబడి గాలివానలో కాపలా కాసేవాళ్లు. పొడవాటి తేలిక ఓడ అలల మీద ఏళ్లు ఊగితే మధ్య భాగం పైకి లేచి, ముందు వెనుకలు కిందికి వాలుతాయి. పలకల సందులు తెరుచుకుని నీరు చొరబడుతుంది. అందుకే మరమ్మతులో లోపలి వైపు అదనపు దూలాలు అడ్డంగా వేసి, దూలాల మూలలకు మోకాలిలా వంచిన ఇనుప దన్నులు బిగించేవారు. పైగా ఓడ కడుపు లోతు తక్కువైతే నీటి పీపాలు, సరుకులు పెట్టే చోటూ తక్కువే, నెలల కాపలాకు అది పెద్ద లోపం.

రాగి విషయం కూడా చూడాలి. ఓడ అడుగున రాగి రేకులు కొడితే నాచు, పురుగు పట్టవు. కానీ రేకు కింద ఇనుప బోల్టులు ఉంటే, ఉప్పునీటిలో రాగికీ ఇనుముకూ మధ్య విద్యుత్తు పుట్టి ఇనుము తినేయబడుతుంది. బోల్టు తల బాగానే కనిపిస్తుంది, లోపల సూదిలా సన్నబడి ఉంటుంది. బ్రిటిష్‌వాళ్లు ఇది అనుభవంతో నేర్చుకుని 1780ల మధ్యకల్లా రాగి మిశ్రమం బోల్టులకు మారారు. పట్టుబడ్డ ఓడకు రాగి తొడిగే ముందు నీటిమట్టం కింది బోల్టులు మార్చడం ఖర్చులో పెద్ద భాగం.

తొందరపడి పంపితే ఏమవుతుందో 1782 చెబుతుంది. ఏప్రిల్‌లో వెస్టిండీస్‌లో జరిగిన సెయింట్స్ పోరులో ఐదు ఫ్రెంచి ఓడలు బ్రిటిష్‌వాళ్లకు పట్టుబడ్డాయి. సెజార్ ఆ రాత్రే పేలిపోయింది. విల్ ద పారి, గ్లోరియూ, ఎక్టోర్ దెబ్బతిన్న ఒంటితోనే ఇంగ్లండుకు బయల్దేరి సెప్టెంబరు తుఫానుకు బలయ్యాయి. మిగిలింది ఒక్క ఆర్డెంట్, అది అంతకుముందు ఫ్రెంచివాళ్లు పట్టుకున్న బ్రిటిష్ ఓడే.

పట్టుకున్న నావికులకు డబ్బు ఎంత వచ్చేది? – ఒక లాయరు, హైదరాబాదు

ముందు కోర్టు. అడ్మిరల్టీ కోర్టు ఓడ కాగితాలు చూసి, సాక్షులను ముందే రాసి ఉంచిన ప్రశ్నలతో విచారించి, 'న్యాయమైన ప్రైజ్' అని తీర్పివ్వాలి. యుద్ధనౌకకు ఇది లాంఛనమే, వాదోపవాదాలన్నీ తటస్థ దేశాల సరుకు ఓడల దగ్గరే. తరవాత డాక్‌యార్డ్ ఓడ ఒళ్లు, కొయ్యలు, మోకులు, సామాను విడివిడిగా వెల కడుతుంది. ప్రభుత్వం కొంటే ఆ సొమ్ము పంచుతారు. దాని మీద తల డబ్బు అదనం: పోరు మొదలైనప్పుడు శత్రు ఓడలో ఉన్న ఒక్కో మనిషికి 5 పౌండ్లు.

1808కి ముందు లెక్క ఎనిమిదో వంతుల్లో ఉండేది. ఉదాహరణకు ఒక్క ఓడే 20,000 పౌండ్ల ప్రైజ్ పట్టిందనుకోండి. మూడు వంతులు (7,500) కెప్టెన్‌వి, అందులో ఒక వంతు ఆయన పై అడ్మిరల్‌కు పోగా 5,000 మిగులుతుంది. లెఫ్టినెంట్లు, మాస్టర్ (ఓడ దారి చూసే అధికారి), మెరీన్ కెప్టెన్ కలిసి ఒక వంతు, వారంట్ అధికారులు ఒక వంతు, చిన్న అధికారులు ఒక వంతు. మిగిలిన రెండు వంతులు, అంటే 5,000 పౌండ్లు, మిగతా అందరివీ. వాళ్లు 500 మంది అనుకుంటే తలకు 10 పౌండ్లు. 1806లో నిపుణుడైన నావికుడి జీతం 28 రోజులకు 33 షిల్లింగుల 6 పెన్నీలు కాబట్టి అది ఆరు నెలల జీతం. బాగానే ఉందనిపిస్తుంది. కానీ కనుచూపు మేరలో ఉన్న ప్రతి స్నేహ ఓడకూ వాటా ఉంటుంది. మారెంగోను పట్టిన రోజున లండన్ ప్రాణాలొడ్డింది, దూరం నుంచి వస్తున్న పెద్ద ఓడలూ వాటాదారులే. పైగా ప్రైజ్ ఏజెంటుకు నూటికి 5, ఏళ్ల తరబడి ఆలస్యం. అంతకాలం ఆగలేని నావికులు తమ వాటా కాగితాన్ని వడ్డీ వ్యాపారులకు కారుచవకగా అమ్మేసుకునేవారు. 1808లో కెప్టెన్ వాటా మూడు నుంచి రెండు వంతులకు తగ్గించి, కిందివాళ్ల వాటా పెంచారు. అది ఇంకా ముందే జరగాల్సింది.

శత్రువు పెట్టిన పేరు ఎందుకు ఉంచుకునేవారు? – ఒక పాఠకుడు, ఒంగోలు

గెలుపు గుర్తుగా. నెపోలియన్ గెలిచిన యుద్ధం పేరైన మారెంగోనే ఉంచారంటే చూడండి. ఆ పేరుతో సొంత ఓడ ఉంటే మాత్రం మార్చాలి. స్విఫ్ట్‌షుర్ కథ ఇక్కడ చెప్పాలి: అది బ్రిటిష్ ఓడ, 1801లో ఫ్రెంచివాళ్లు పట్టుకుని అదే పేరుతో నడిపారు. 1805లో తిరిగి దొరికేసరికి బ్రిటిష్‌వాళ్లు అప్పటికే కొత్త స్విఫ్ట్‌షుర్ కట్టేశారు, అందుకని పాతది ఇర్రెసిస్టిబుల్ అయింది. ట్రఫాల్గర్‌లో ఆ ఇద్దరు స్విఫ్ట్‌షుర్‌లూ ఎదురెదురు పక్షాల్లో ఉన్నారు.

పట్టుబడ్డ ఓడలతో మన దేశానికి ఏమైనా సంబంధం ఉందా? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

ఉంది, అదీ చిన్నది కాదు. 1798 ఆగస్టులో నైలు పోరులో పట్టుబడ్డ ఫ్రాంక్లిన్ అనే 80 ఫిరంగుల ఓడకు కెనోపస్ అని పేరు మార్చారు. దాని ఆకారం బ్రిటిష్‌వాళ్లకు ఎంత నచ్చిందంటే, 1815 తరవాత ఆ పటం మీదే 84 ఫిరంగుల ఓడల వరస ఒకటి కట్టారు. అందులో గంజెస్ (1821), ఏషియా (1824) బొంబాయి డాక్‌యార్డ్‌లో, పార్సీ ఓడ నిర్మాతలైన వాడియాల చేతుల్లో, మలబారు టేకుతో తయారయ్యాయి. ఫ్రెంచి గీత, ఇంగ్లిషు కొలత, మన టేకు. 1827లో నవారినో పోరులో అడ్మిరల్ కాడ్రింగ్టన్ జెండా ఎగిరింది ఆ ఏషియా మీదే. తల్లి ఓడ కెనోపస్‌ను కూడా 1887 దాకా అమ్మలేదు.

ఇలాంటి ఓడ ఏదైనా ఇప్పటికీ చూడొచ్చా? – ఒక పాఠకురాలు, లండన్

పూర్తి ఓడ లేదు. ఉండాల్సింది ఒకటి ఉండేది. మారెంగో తరహాదే, 1800లో రోష్‌ఫోర్‌లో పుట్టిన డుగే-త్రువాఁ. ట్రఫాల్గర్ నుంచి తప్పించుకుని, 1805 నవంబరు 4న స్పెయిన్‌లోని ఒర్తెగాల్ అగ్రం దగ్గర బ్రిటిష్ అధికారి స్ట్రాకన్ దళానికి మరో మూడు ఓడలతో పాటు పట్టుబడింది. ఇంప్లాకబుల్ అన్న కొత్త పేరుతో 1808లో బాల్టిక్ సముద్రంలో రష్యా ఓడ వ్సెవొలోద్‌ను ఓడించింది. 1842 తరవాత రేవుకు చేరి, 1855 నుంచి కుర్రవాళ్లకు శిక్షణ ఓడగా పనిచేసింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి చెక్క బాగా పాడైంది, బాగుచేసే డబ్బు ఎవరూ పెట్టలేదు. 1949 డిసెంబరు 2న బ్రిటిష్, ఫ్రెంచి జెండాలు రెండూ ఎగరేసి, ఇంగ్లిష్ చానెల్‌లోకి లాక్కెళ్లి పేలుడు పదార్థాలతో ముంచారు. అడుగు విడిపోయి మునిగింది, పై భాగం మాత్రం చాలాసేపు నీటి మీదే తేలుతూ ఉండిపోయింది.

ముంచే ముందు వెనుక భాగపు కిటికీల అలంకారాన్ని, ముందుండే శిల్పాన్ని విప్పి దాచారు. మీరు లండన్‌లోనే ఉన్నారు కాబట్టి గ్రీనిచ్ నౌకా మ్యూజియానికి వెళ్లండి. విశాఖ ముందు మీ తాతల తాతలు చూసిన మారెంగో వెనుక భాగం ఎంత వెడల్పు ఉండేదో ఆ గోడ ముందు నిలబడితే తెలుస్తుంది.